పాత కారు కొనడం నేర్చుకుందాం – 3వ పాఠం: రాబోయే ఖర్చును ముందే లెక్కకట్టడం

గత రెండు పాఠాల్లో కాగితాలు పరిశీలించడం, బాడీ మీద ప్రమాదం జరిగిన ఆనవాళ్లు పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈసారి తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ కారు మన చేతికి వచ్చిన మొదటి ఏడాదిలో ఏ ఏ పనులు చేయించాల్సి వస్తుంది? అమ్మేవారు వాయిదా వేసిన ప్రతి సర్వీసూ కొన్నవారి నెత్తిన పడుతుంది. వాళ్లు అడిగిన ధరకు ఈ బాకీలన్నీ కలిపితేనే కారు అసలు ధర తెలుస్తుంది.

కారు చూడటానికి వెళ్లేముందే ఆ మోడల్ యజమాని పుస్తకం (ఓనర్స్ మాన్యువల్) సంపాదించండి. చాలా కంపెనీలు దాన్ని తమ వెబ్‌సైట్లలో ఉచితంగా పెడుతున్నాయి. అందులోని సర్వీసు పట్టికలో చాలా పనులకు రెండు గడువులు ఉంటాయి, ఒకటి కిలోమీటర్లలో, ఇంకొకటి నెలల్లో. ఏది ముందు వస్తే దాని ప్రకారం పని చేయించాలి. కొత్తగా కొనేవారిలో ఎక్కువమంది కిలోమీటర్లే చూసి రెండో గడువును వదిలేస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదేళ్ల కారు, తిరిగింది 38,000 కిలోమీటర్లు మాత్రమే. వినగానే ఆశ పుడుతుంది. కానీ అది ఎక్కువకాలం నిలిపి ఉంచిన కారు. తిరగకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, బ్యాటరీ క్షీణిస్తుంది, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లో తుప్పును ఆపే గుణం తగ్గిపోతుంది. మీటరు తక్కువ చూపిస్తున్నందుకు ధర ఎక్కువ చెబుతారు, ఆపైన టైర్లు, బ్యాటరీ, బెల్టులు, ద్రవాలు అన్నీ మనమే మార్పించుకోవాలి. ఏటా క్రమంగా సర్వీసు చేయించుకుంటూ అంతకు రెట్టింపు తిరిగిన కారు, బిల్లులు చేతిలో ఉంటే, చాలాసార్లు మెరుగైన బేరం. నాకైతే తక్కువ కిలోమీటర్ల కంటే బిల్లుల కట్ట మీదే నమ్మకం.

బిల్లులు చూసేటప్పుడు తేదీ, కిలోమీటర్లు, మార్చిన భాగం, ఈ మూడూ ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. మధ్యలో రెండేళ్ల ఖాళీ కనిపిస్తే ఎందుకని అడగండి. ఒక బిల్లు కంటే తర్వాతి బిల్లులో కిలోమీటర్లు తక్కువగా ఉంటే మీటరు వెనక్కి తిప్పి ఉండవచ్చు. సరైన వివరణ దొరకకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

ఇక అన్నిటికంటే ముందు అడగాల్సింది టైమింగ్ బెల్ట్ గురించి. ఇంజిన్‌లో పైకీ కిందికీ కదిలే పిస్టన్లు, గాలి వచ్చిపోయే దారుల్ని తెరిచి మూసే వాల్వులు ఒకదానికొకటి అడ్డు రాకుండా కదిలేది దీని వల్లే. చాలా ఇంజిన్లలో ఈ బెల్ట్ తెగితే పిస్టన్ వెళ్లి తెరిచి ఉన్న వాల్వును గుద్దుకుంటుంది. వాల్వులు వంగిపోయి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. అనేక కార్లలో దీన్ని 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య మార్చాలని చెబుతారు, కొన్నిటికి గడువు ఇంకా ఎక్కువ. మీ మోడల్‌కు గడువు ఎంతో పుస్తకంలోనే చూడండి. బెల్ట్ మూత వెనుక ఉంటుంది కాబట్టి పైనుంచి చూసి ఏమీ తేల్చలేం. “మార్పించాం” అన్న మాట సరిపోదు, బిల్లు ఉండాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కవేయండి. చాలా ఇంజిన్లలో వాటర్ పంపు కూడా ఈ బెల్ట్‌తోనే తిరుగుతుంది. అలాంటి వాటిలో రెండూ ఒకేసారి మార్చడం తెలివైన పని, ఖర్చులో ఆ పంపునూ కలపండి.

కొన్ని ఇంజిన్లలో బెల్ట్ బదులు చైన్ ఉంటుంది. దానికి సాధారణంగా మార్పు గడువు ఉండదు. అయితే ఆయిల్ సకాలంలో మార్చకపోతే చైన్ అరిగి సాగుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే గలగలమని చప్పుడు వస్తే అనుమానించాల్సిందే.

అందుకే ఇంజిన్ చల్లగా ఉండగానే కారు చూడాలి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అప్పటికే వెచ్చగా ఉంటే, ఎండలో నిలిపిన కారు కాకపోతే, కారణం అడగండి.

బానెట్ తెరిచి ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తే ఆయిల్‌లో నీరు కలిసిందని అర్థం. చిన్న చిన్న ప్రయాణాలే చేసే కారులో ఆవిరి పేరుకుని కూడా కొంచెం అలా తయారవుతుంది, కాబట్టి వెంటనే తీర్పు చెప్పకండి. ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూడండి, కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు ఉందేమో చూడండి. అక్కడా అలాగే ఉంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయి ఉండవచ్చు. అది పెద్ద ఖర్చు. వేడి ఇంజిన్ మీద మాత్రం రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకండి, మరుగుతున్న నీరు ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది.

టైర్ల వయసు వాటి మీదే రాసి ఉంటుంది. పక్కగోడ మీద ‘డాట్’ (DOT) అక్షరాలతో మొదలయ్యే సంకేతంలో చివరి నాలుగు అంకెలు చూడండి. 3519 అని ఉంటే 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ, స్టెప్నీ కూడా చూడండి. గాడుల అడుగున అక్కడక్కడ ఉండే చిన్న గట్లు అరుగుదల గుర్తులు. సాధారణంగా వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు ఉపరితలం వాటితో సమానమైతే మార్చే సమయం వచ్చినట్టే. టైరు ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచేయడం), సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే భాగాలు) ఖర్చు కూడా రాసుకోండి.

బ్రేక్ ఆయిల్‌ను చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. డాట్ 4 (DOT 4) అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. పొడవైన దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కితే పాత ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడుతుంది. పెద్ద ఖర్చు కాదు, కానీ దీన్ని ఎప్పుడు మార్చారో తెలియకపోతే కొన్న వారంలోనే చేయించండి.

తాళం తిప్పగానే, ఇంజిన్ స్టార్ట్ కాకముందు, హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఇంజిన్ దీపం అసలు వెలగకపోతే ఎవరో దాన్ని పనిచేయకుండా చేసి ఉండవచ్చు.

అభ్యాసం: తెలిసినవారి కారు ఒకటి అడిగి తీసుకోండి, కొనే ఉద్దేశం లేని కారైతే మనసు నిలకడగా ఉంటుంది. కాగితాన్ని మూడు నిలువు గడులు చేసి ‘ఇప్పుడే’, ‘ఏడాదిలోపు’, ‘ఆ తర్వాత’ అని రాయండి. పై పనులన్నిటినీ వాటిలో సర్ది, ఒక మెకానిక్‌ను అడిగి ఒక్కోదాని ఖర్చు పక్కన వేయండి. ఆధారం దొరకని ప్రతి పనీ మొదటి గడిలోకే వెళ్లాలి. మొదటి రెండు గడుల మొత్తం మీ దగ్గర ఉంచుకోండి. 4వ పాఠంలో కారు నడిపి క్లచ్, గేర్‌బాక్స్, స్టీరింగ్ పరీక్షించినప్పుడు తేలే పనుల్ని కూడా ఇదే కాగితంలో చేరుస్తాం.