డీవీడీ హ్యాండీక్యామ్‌తో మంచి ఫోటోలు తీయడం ఎలా?

దుబాయ్ నుంచి బావ తెచ్చిందో, చెల్లె పెండ్లికని కొన్నదో, చిన్న డిస్కు మీద రికార్డు చేసే హ్యాండీక్యామ్ కరీంనగర్, వరంగల్ వైపు చాలా ఇళ్ల బీరువాల్లో ఇంకా పడి ఉంది. దాని మీద ఫోటో తీసే బటన్ కూడా ఒకటి ఉంటుంది. ఆ బటన్ నొక్కి చూసినవాళ్లు చాలామంది నాలుగు ఫోటోలకే విసిగిపోయి పక్కన పెట్టేశారు. వాళ్లను అనడానికి లేదు. ఇది పుట్టుకతో వీడియో కెమెరా, ఫోటో పని దానికి అదనంగా అప్పగించారు. అయినా ఇందులో ఒక గొప్ప గుణం ఉంది: దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే జూమ్. పెద్ద తలనొప్పి కూడా ఒకటి ఉంది: ఆ డిస్కు. జూమ్‌ను బాగా వాడుకుంటూ డిస్కును వీలైనంత వరకు తప్పించుకోవడం ఎలాగో వరసగా చెప్తాను. ఈ కాలంలో దీన్ని కొత్తగా వెతికి కొనమని మాత్రం ఎవరికీ చెప్పను. ఇంట్లో ఉంటే వాడుకోండి, అంతే.

ముందు కెమెరాను లేపండి

ఏళ్ల తరబడి మూలన పడ్డ బ్యాటరీని ఒకసారి వేలితో తడిమి చూడండి. ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టనే వద్దు. బాగుంటే కెమెరాకు అడాప్టర్ తగిలించి, ఆఫ్‌లోనే ఒక రోజంతా వదిలేయండి. తేదీని గుర్తుపెట్టుకోవడానికి లోపల ఇంకో చిన్న బ్యాటరీ ఉంటుంది. చాలా మోడళ్లలో అది ఇట్లా అడాప్టర్ మీద ఉన్నప్పుడే నిండుతుంది. ఆ తర్వాతే తేదీ, టైమ్ సెట్ చేయండి. లేకపోతే ఈ ఏటి బతుకమ్మ ఫోటోల మీద ఎప్పటిదో తేదీ పడి, కంప్యూటర్‌లో వెతుక్కోలేక చస్తాం.

డిస్కు మూత తెరిస్తే లోపల బొట్టంత లెన్స్ కనిపిస్తుంది. దాన్ని వేలితో ముట్టొద్దు, నోటితో ఊదొద్దు. ఊదితే తుంపర పడుతుంది. మెడికల్ షాపులో దొరికే రబ్బరు పంపు చాలు.

ఫోటో డిస్కులోకి పోతుందా, కార్డులోకా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఈ కెమెరాల్లో వేసేది 8 సెంటీమీటర్ల చిన్న డీవీడీ. ఒక వైపు పట్టేది 1.4 జీబీ. మంచి క్వాలిటీలో సుమారు 20 నిమిషాల వీడియో, మామూలు క్వాలిటీలో 30 నిమిషాలు, బాగా తగ్గిస్తే 60 నిమిషాలు. ఫోటోలకైతే ఆ చోటు కావలసినంత. కష్టం చోటుతో కాదు, రాసే తీరుతో.

డిస్కులోకి ఫోటో తీసి చూడండి. బటన్ నొక్కగానే లోపల జుయ్‌మని తిరగడం వినిపిస్తుంది, చేతికి సన్నగా అదురు తెలుస్తుంది, చిన్న లైటు మిణుకుమంటుంది. ఆ లైటు ఆరేదాకా ఇంకో ఫోటో తీయనివ్వదు. ఈలోపల బాబు కేకు కోసేసి ఉంటాడు. రాస్తుండగా ఎవరి మోచేయో గట్టిగా తగిలితే డిస్కు ఎర్రర్ వచ్చే ప్రమాదం ఉంది. మేడారం జాతర లాంటి చోట, ఆ దుమ్ములో, ఆ తోపులాటలో డిస్కు మార్చాలని మూత తెరిచారా, ఇక దేవుడే దిక్కు.

కాబట్టి కార్డు పెట్టే చోటు ఉందేమో వెతకండి. చాలావాటికి ఉంటుంది, బ్యాటరీ వెనకో, తెర కిందో చిన్న మూత చాటున. సోనీ వాటికి మెమరీ స్టిక్ డ్యుయో, హిటాచీ, పానసోనిక్ వాటికి ఎస్‌డీ కార్డు. పాత ఎస్‌డీ కెమెరాలు 2 జీబీ దాటిన కార్డును గుర్తుపట్టవు. షాపులో ఇప్పుడు దొరికే 32 జీబీ కార్డు తెచ్చి, కెమెరా పాడైందని అనుకోకండి. పాత ఫోన్లలోంచి తీసిన చిన్న కార్డు, దానికో అడాప్టర్ ఉంటే పని జరిగిపోతుంది. 2 జీబీలో కూడా ఈ సైజు ఫోటోలు వేలల్లో పడతాయి. తర్వాత మెనూలోకి పోయి, ఫోటోలు కార్డులోకే వెళ్లేట్టు మార్చండి. కార్డు పెట్టినంత మాత్రాన అదే మారుతుందని అనుకోవద్దు.

కార్డు చోటు లేనే లేకపోతే డిస్కు రకం చూసి కొనండి. డీవీడీ-ఆర్ మీద ఒకసారి పడ్డది పడ్డట్టే, ఫోటో తీసేసినా ఆ చోటు తిరిగి రాదు. ఆర్‌డబ్ల్యూ అయితే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. 2000లో ఈ రకం కెమెరాను మొదట తెచ్చిన హిటాచీ వాడింది డీవీడీ-ర్యామ్. ఫోటోలకు అదే హాయి, కాకపోతే మామూలు డీవీడీ ప్లేయర్లు చాలావరకు దాన్ని చదవవు. సోనీ 2003లో వచ్చి ఆర్, ఆర్‌డబ్ల్యూ దారి పట్టింది. మీ కెమెరాకు ఏ డిస్కు పడుతుందో మూత మీదే గుర్తులు ఉంటాయి.

సెట్టింగులు

సైజు అన్నిటికంటే పెద్దది, క్వాలిటీ ఫైన్. డిజిటల్ జూమ్ ఆఫ్. డబ్బా మీద 800 ఎక్స్ అనో, 990 ఎక్స్ అనో ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా అది ఉన్న బొమ్మనే సాగదీయడం. లెన్స్ పక్కన చిన్నగా రాసి ఉండే ఆప్టికల్ అంకె, 10 కానీ 25 కానీ, అదే అసలు జూమ్.

జూమ్ ఎక్కడ పనికొస్తుంది?

రామప్పకు తీసుకెళ్లండి. 1213 నాటి ఆ గుడిలో చూరు కింద, స్తంభాల మీద నుంచి ముందుకు వంగినట్టు నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, నిలబడి ఉంటారు. కింద నుంచి ఫోన్‌తో తీస్తే బొమ్మ చిన్నగా వస్తుంది, వేళ్లతో లాగి పెద్దది చేస్తే ముఖం చెదిరిపోతుంది. చాలా ఫోన్లకు అసలు జూమ్ రెండు మూడు రెట్లకు మించదు. హ్యాండీక్యామ్ అయితే మదనిక మెడలోని హారం, నడుము పట్టీ, ఒకామె కాళ్లకున్న ఎత్తు మడమల చెప్పులు కూడా ఫ్రేమ్ నిండా పట్టేస్తుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడ జనం పెరిగారు. దగ్గరికి చేరలేనప్పుడు ఈ జూమ్ విలువ ఇంకా తెలుస్తుంది.

తీసే పద్ధతి ఇది. ముందు జూమ్‌ను పూర్తిగా వెనక్కి తెచ్చి, బొమ్మ ఎక్కడుందో తెర మీద పట్టుకోండి. తర్వాత నెమ్మదిగా లాగండి. ఒకేసారి చివరిదాకా లాగితే ఆకాశమో, చూరో తప్ప ఏమీ కనబడదు. వెనక ఆకాశం వెలుతురుగా ఉంటే కెమెరా దానికే లొంగిపోయి నల్లరాయిని మసిబొగ్గు చేస్తుంది. అప్పుడు బ్యాక్‌లైట్ బటన్ నొక్కండి. ఆకాశం తెల్లబడిపోయినా ఫర్వాలేదు, మనకు కావాల్సింది మదనిక. తూర్పు ముఖం గుడి కనుక ఆ వైపు బొమ్మలకు ఉదయం వెలుగు బాగుంటుంది. లాగిన జూమ్‌లో చిన్న వణుకు కూడా పెద్దగా కనిపిస్తుంది కాబట్టి మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) చూసుకునే కట్టడాల్లో స్టాండ్ పెట్టాలంటే అనుమతి కావాలి, అక్కడి గోడకో మెట్టుకో ఒరిగి నిలబడటమే మేలు. శిల్పానికి మాత్రం ఆనకండి.

అదే కెమెరాతో వరంగల్ కోటకు వెళ్తే కథ తిరగబడుతుంది. ఈ లెన్సులు దూరానికి ఎంత మంచివో దగ్గరి వెడల్పుకు అంత ఇరుకు. కీర్తితోరణం మొత్తం పట్టాలంటే వెనక్కి, ఇంకా వెనక్కి నడుస్తూనే ఉండాలి. అక్కడ ఫోన్ తీయండి, మొహమాటం వద్దు.

చీకటి పడ్డాక

ఈ కెమెరాల సెన్సార్ చాలా చిన్నది. పొద్దు గూకితే బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. వేయిస్తంభాల గుడి లోపల పట్టపగలు కూడా ఇదే సమస్య. నైట్ బటన్ నొక్కితే మనుషులంతా ఆకుపచ్చ దయ్యాల్లా కనిపిస్తారు, దాని జోలికి పోకండి. బతుకమ్మ ఆట తీయాలంటే దీపాలు పెట్టక ముందు, సాయంత్రం వెలుగు ఉండగానే పేర్చిన బతుకమ్మలను తీసేయండి. దీపాలు వెలిగాక తంగేడు, బంతి, గునుగు అన్నీ ఒకే పసుపులో కలిసిపోతాయి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి ఇండోర్‌కు మారిస్తే కొంత నయం.

ఫోటో బదులు వీడియోలోంచి బొమ్మ

చాలామందికి తెలియని సంగతి ఇది. మీ కెమెరా ఫోటో సైజు 640×480 మాత్రమే అయితే అందులో ఉండేది సుమారు 3 లక్షల చుక్కలు (పిక్సెళ్లు). మన దగ్గరి టీవీ పద్ధతి పాల్ (PAL), ఆ వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 720×576, అంటే 4 లక్షలకు పైనే. ఫోటో బటన్‌తో ఒక్కటి వచ్చేలోపు వీడియోలో సెకనుకు 25 బొమ్మలు వస్తాయి. ఆడేవాళ్లు, పరిగెత్తే పిల్లలు, తలంబ్రాలు పోసే క్షణం, ఇవన్నీ వీడియోగా తీసి తర్వాత కావాల్సిన బొమ్మ ఏరుకోవడమే తెలివి. స్పోర్ట్స్ మోడ్ పెడితే కదలిక చెదరదు, కానీ దానికి పగటి వెలుతురు కావాలి. అమెరికా నుంచి వచ్చిన కెమెరా అయితే అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, ఫ్రేమ్ 720×480 ఉంటుంది. పద్ధతి మాత్రం అదే.

మీ కెమెరా పది లక్షల చుక్కలు, అంతకు మించి ఫోటో ఇచ్చేదైతే కదలని వాటికి ఫోటో బటనే మేలు.

డిస్కును ఫైనలైజ్ చేయడం

వీడియో తీశారంటే డిస్కు తప్పదు, డిస్కు ఉందంటే ఈ తతంగం తప్పదు. ఫైనలైజ్ అంటే కెమెరా రాసిన డిస్కును మామూలు ప్లేయర్లు కూడా చదివేట్టు ముగించడం. ఫైనలైజ్ చేయని డిస్కును ఇంట్లో డీవీడీ ప్లేయర్‌లో వేస్తే చాలావాటిలో ఖాళీ అని చూపిస్తుంది. అందులో ఏమీ లేదనుకొని పాత పెండ్లి డిస్కులు పారేసిన ఇళ్లు ఉన్నాయి. పారేయకండి. అవి తీసిన కెమెరా బతికి ఉంటే అందులోనే వేసి ఇప్పుడైనా ఫైనలైజ్ చేయొచ్చు.

అడాప్టర్ తగిలించే ఈ పని మొదలుపెట్టండి, సగంలో పవర్ పోతే డిస్కు పాడైపోవచ్చు. కరెంటు వచ్చి పోయే రోజైతే ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే పెట్టండి. కెమెరాను కదలని బల్ల మీద ఉంచి, మెనూలో ఫైనలైజ్ నొక్కి, పక్కకు జరగండి. ఒక విచిత్రం ఏమిటంటే, డిస్కులో తీసింది ఎంత తక్కువ ఉంటే అంత ఎక్కువ సేపు పడుతుంది. ప్లేయర్లు చదవాలంటే డిస్కు మీద కనీసం కొంత మేర రాసి ఉండాలి, ఆ లోటును కెమెరా ఉత్త డేటాతో పూడుస్తుంది. నిండిన డిస్కు నిమిషాల్లో అయిపోతే, రెండు నిమిషాల వీడియో ఉన్నది మాత్రం కదలకుండా కూర్చుంటుంది. ఆగిపోయిందేమోనని టెన్షన్ పడి బ్యాటరీ పీకేయొద్దు.

డీవీడీ-ఆర్ ఫైనలైజ్ అయ్యాక దాని మీద ఇక కొత్తగా ఏదీ రాయలేం.

కంప్యూటర్‌లోకి

కార్డు ఫోటోలకు కెమెరా కేబుల్‌తో కుస్తీ పట్టొద్దు, పాత డ్రైవర్లు కొత్త విండోస్‌లో ఎక్కకపోవచ్చు. కార్డ్ రీడర్‌లో పెట్టి కాపీ చేసుకోండి. డిస్కుకైతే ట్రే బయటికి వచ్చే డ్రైవ్ కావాలి. మధ్యలో చిన్న డిస్కుకని ఒక గుంట ఉంటుంది, అందులో కూర్చోబెట్టండి. సన్నని చీలికలోంచి డిస్కును లాక్కునే డ్రైవ్‌లో చిన్న డిస్కు వేస్తే బయటికి రాక ఇరుక్కుంటుంది.

డిస్కు తెరిస్తే వీఓబీ ఫైళ్లు, వీఆర్ (వీడియో రికార్డింగ్) మోడ్‌లో తీసి ఉంటే వీఆర్‌ఓ ఫైలు కనిపిస్తాయి. ముందు అన్నీ హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో తెరవండి. కావాల్సిన చోట పాజ్ చేసి, ‘ఈ’ కీతో ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరపండి. కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా గీతలు గీతలుగా ఉంటే ‘డీ’ కీ నొక్కండి. వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌ను రెండు సగాలుగా తీస్తారు కాబట్టి ఆ గీతలు వస్తాయి, ఈ కీ వాటిని సర్దుతుంది. షిఫ్ట్ పట్టుకొని ‘ఎస్’ కొడితే ఆ బొమ్మ పిక్చర్స్ ఫోల్డర్‌లో పడుతుంది. మనుషులు సన్నగా సాగినట్టో, లావుగా నొక్కినట్టో ఉంటే ఫోటో ఎడిటర్‌లో సైజు 768×576కు మార్చండి, వెడల్పు తెర మోడ్‌లో తీసిందైతే 1024×576కు.

ప్రింట్‌కు ఇచ్చేటప్పుడు

పాస్‌పోర్టు ఫోటోకు 640×480 కూడా సరిపోతుంది. 4×6 సైజు నిగనిగలాడాలంటే 1800×1200 కావాలి. పది లక్షల చుక్కల కెమెరా ఇచ్చేది అందులో సగమే, చిన్న సైజు ఫోటో అయితే ఇంకొంచెం మెత్తగా పడుతుంది. ఆల్బమ్‌కు ఫర్వాలేదు. పుట్టినరోజు ఫ్లెక్సీకి మాత్రం ఇవ్వకండి, చౌరస్తాలో పిల్లాడి ముఖం గళ్లు గళ్లుగా వేలాడుతుంది.

ఇంకో మాట. ఈ కెమెరా మామూలు ఫోటో కొలత 4×6 కాగితంతో కలవదు. స్టూడియోలో మిషన్‌కు వదిలేస్తే కాగితం నిండా పరచి, పైనా కిందా కలిపి అర అంగుళం కోసేస్తుంది. బతుకమ్మ మీది గౌరమ్మ అక్కడే పోతుంది. పక్కలకు తెల్ల అంచు వదిలి మొత్తం బొమ్మ వేయమని ఇచ్చేటప్పుడే చెప్పండి.