పిల్లల రక్షణకు నిధులు కోరే ముందు: బెంగళూరులోని చిన్న ట్రస్టులకు

బెంగళూరులో వర్తూరు, వైట్‌ఫీల్డ్ వైపు లేచే పెద్ద అపార్టుమెంట్ల వెనుక చాలాచోట్ల రేకుల షెడ్ల వరుస కనిపిస్తుంది. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చిన తల్లిదండ్రులు పొద్దున్నే పనిలోకి దిగిపోతే, తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఎత్తుకుని ఆ షెడ్ల దగ్గరే పొద్దు గడుపుతారు. అటువంటి పిల్లల కోసం సాయంత్రం బడి నడిపే చిన్న ట్రస్టులు, సొసైటీలు వారి భద్రతకూ మానసిక క్షేమానికీ దాతృత్వ నిధులు ఎలా కోరాలో నా అనుభవం మేరకు ఇక్కడ వివరిస్తున్నాను.

కాగితాల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. ట్రస్టు దస్తావేజు లేదా సొసైటీ నమోదు పత్రం, పాన్, ఆదాయపన్ను శాఖ ఇచ్చే దాతృత్వ సంస్థ నమోదు (1961 చట్టంలో 12ఏబీ), దాతలకు పన్ను రాయితీ దక్కేలా చేసే అనుమతి (అదే చట్టంలో 80జీ), స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్ సంఖ్య, ఆడిట్ అయిన మూడేళ్ల లెక్కలు ఒకే ఫైలులో సిద్ధంగా ఉండాలి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు కోరేవారికి 2021 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కూడా తప్పనిసరి. కంపెనీ తాను స్థాపించని ట్రస్టుకు నిధులు ఇవ్వాలంటే ఆ ట్రస్టుకు అటువంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలని నిబంధన ఉంది గనుక, కొత్తగా పుట్టిన సంస్థ మొదట వ్యక్తుల విరాళాలతో నిలదొక్కుకోవడమే మేలు. విదేశీ విరాళం మాత్రం, అటువంటి విరాళాలను నియంత్రించే చట్టమైన ఎఫ్‌సీఆర్ఏ అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు.

నికర విలువ 500 కోట్ల రూపాయలు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కదాన్ని అందుకున్న కంపెనీ అయినా, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం ఏడవ షెడ్యూలులో విద్య, నివారణతో కూడిన ఆరోగ్య సంరక్షణ రెండూ ఉన్నాయి కాబట్టి, పిల్లల మానసిక క్షేమాన్ని ఈ రెండింటిలో దేని కిందికి తెస్తున్నారో దరఖాస్తు మొదటి పేజీలోనే రాయాలి. ఇక అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వంటి పెద్ద దాతృత్వ సంస్థలు ఈ నగరంలోనే ఉన్నాయి. ఎవరిని అడిగినా, ఆ సంస్థ అప్పటికే ఎటువంటి పనులకు నిధులు ఇస్తోందో చదివిన తరువాతనే అడగాలి.

అసలు కష్టం దీని తరువాత మొదలవుతుంది. మా మొదటి దరఖాస్తులో బ్యాగులు, బొమ్మలు, గోడలకు రంగులు, ‘మంచి స్పర్శ, చెడు స్పర్శ’ మీద నాలుగు తరగతులు ఉన్నాయి. దాత సంస్థ తరఫున పరిశీలనకు వచ్చినావిడ అవన్నీ ఓపికగా విని, ఆ తరగతి అయ్యాక ఒక పాప మా టీచరు దగ్గరికి వచ్చి ఏదైనా చెబితే ఆ రాత్రి మేము ఏమి చేస్తామని అడిగారు. మా దగ్గర సమాధానం లేదు, నిధులూ రాలేదు. పిల్లల చేత నోరు తెరిపించే కార్యక్రమానికి డబ్బు అడిగేవారు, నోరు తెరిచిన తరువాత జరగవలసినదంతా ముందే రాసి పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది.

కాబట్టి దరఖాస్తులో అన్నిటికన్నా ఎక్కువ పేజీలు దీనికే కేటాయించాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, బిడ్డపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసిన ప్రతి వ్యక్తీ స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ తెలియజేయాలి. తెలియజేయకపోవడం 21వ సెక్షన్ కింద శిక్షార్హమైన నేరం. బిడ్డకు అర్థం కాని భాషలో వాంగ్మూలం నమోదయ్యే పక్షంలో అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలని అదే 19వ సెక్షన్ చెబుతున్న సంగతి మనకు మరీ ముఖ్యం, ఎందుకంటే కన్నడంలో సాగే స్టేషనులో రాయలసీమ తెలుగు మాత్రమే వచ్చిన పాప నోరు మెదపదు. టీచరు మొదట ఎవరికి చెప్పాలి, బాలల సహాయవాణి 1098కి ఎవరు ఫోను చేయాలి, పాప వెంట స్టేషనుకూ ఆసుపత్రికీ ఏ మహిళా కార్యకర్త వెళ్లాలి, నిందితుడు ఆ షెడ్డులోనే ఉంటే పాపను అక్కడికి తిరిగి పంపకుండా బాలల సంక్షేమ కమిటీని ఎలా సంప్రదించాలి అన్న ప్రశ్నలకు హోదాలతో సహా జవాబు రాయాలి. మన కార్యకర్తలందరికీ పోలీసు ధృవీకరణ చేయించి, సంస్థ బాలల రక్షణ విధానం ప్రతిని దరఖాస్తుకు జత చేయాలి. 2020 పోక్సో నియమాలు ఈ రెండింటినీ ప్రస్తావిస్తున్నాయి.

మానసిక క్షేమం గురించి రాసేటప్పుడు పెద్ద మాటలు వద్దు. పదేళ్ల పిల్లవాడు తనకు ఆందోళనగా ఉందని చెప్పడు. కడుపు నొప్పి అంటాడు, బడికి రానంటాడు, ఊళ్లో ఉన్న అవ్వ మీద బెంగ పెట్టుకుని అన్నం మానేస్తాడు. అందువల్ల ఫలితాలను కూడా ఆ స్థాయిలోనే చూపాలి: ఎంతమంది పిల్లలు తమకు నమ్మకమైన పెద్దవారు ఒకరి పేరు చెప్పగలిగారు, చెప్పకుండా బడి మానేసిన రోజులు ఎంత తగ్గాయి, ఎంతమందిని మానసిక వైద్యం అందించే నిమ్హాన్స్ ఆసుపత్రి వంటి చోటికి పంపించాము, వారిలో ఎంతమంది రెండోసారీ వెళ్లారు. వేధింపుల ఫిర్యాదులు మొదటి ఏడాది పెరిగితే అది వైఫల్యం కాకపోవచ్చని, పిల్లలకు ధైర్యం వచ్చిందనడానికి గుర్తు కావచ్చని ముందే రాసి ఉంచడం మంచిది. లేకపోతే ఏడాది చివరి నివేదిక చదివి దాత బెదిరిపోతారు.

బడ్జెట్టులో వస్తువుల కన్నా మనుషుల జీతాలకే ఎక్కువ భాగం ఉండాలి. తెలుగు తెలిసిన కౌన్సిలరు జీతం, ఆసుపత్రికి ఆటో ఛార్జీలు, పాపతో వెళ్లిన తల్లికి పోయిన ఆ రోజు కూలి, కార్యకర్తలకు తామే కుంగిపోకుండా మాట్లాడుకునే అవకాశం, వీటిని విడివిడిగా చూపాలి. తల్లికి కూలి ఇవ్వడమేమిటని ఒకరిద్దరు అడగవచ్చు. కూలి పోతుందన్న భయంతోనే ఆమె రెండోసారి రాదని నిస్సంకోచంగా రాయండి.

ఫొటోలు అడిగే దాతలు ఉంటారు. బాధిత బిడ్డ ముఖం, పేరు, బడి, ఉండే చోటు బయటపెట్టడానికి చట్టం అంగీకరించదు గనుక, వాటికి బదులు పిల్లలు వేసిన బొమ్మలు, గది ఫొటోలు ఇస్తామని ఒప్పందంలోనే రాయించుకోవాలి. కంపెనీల ఖాతాలు మార్చితో ముగుస్తాయి. అందుచేత జనవరికల్లా దరఖాస్తు పంపి, ఉగాదికి ఊరు వెళ్లిన కుటుంబాలు తిరిగి వచ్చి జూన్‌లో బడులు తెరిచేసరికి కౌన్సిలరు చేరి ఉండేలా తేదీలు వేసుకోవాలి.