ఫుకెట్‌లో పడవ ఎప్పుడు మాట్లాడుకోవాలి?

మా పిన్ని కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, దసరా సెలవుల్లో ఫుకెట్‌లో యాట్ తీసుకుందామనుకుంటున్నాం. ఏడుగురం. ఆఫర్లో చాలా చవగ్గా వస్తోంది." చవగ్గా అనే మాట వినగానే నాకు మా మొదటి ట్రిప్పు గుర్తొచ్చింది. దానికి గంటసేపు ఫోన్లో చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

నేను భీమిలి పిల్లని. పదేళ్ళుగా ఉద్యోగం సింగపూర్‌లో. ఇక్కణ్ణించి ఫుకెట్‌కి విమానంలో రెండు గంటలు కూడా పట్టదు. ఇప్పటికి నాలుగుసార్లు పడవ తీసుకున్నాం: సెప్టెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో రెండుసార్లు. పడవ నడపడం మాకెవరికీ రాదు. స్కిప్పర్‌తో సహా తీసుకుంటాం. అమ్మనీ, అత్తయ్యనీ, ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని వెళ్ళే కుటుంబం లెక్క ఎలా ఉంటుందో నాకు తెలుసు, అదే చెప్తాను.

అందరూ అడిగే మొదటి ప్రశ్న, "అప్పుడు వానలుంటాయా?" అని. అక్కడే పొరపాటు. వాన పడితే తడుస్తాం, లోపల కూర్చుని పేకాట ఆడుకుంటాం, గంటకి ఆగిపోతుంది. అల లేస్తే మాత్రం దాక్కోడానికి చోటు ఉండదు. అల ఎంత లేస్తుందనేది గాలి ఎటునుంచి వస్తోందన్నదాని మీద ఉంటుంది. కాబట్టి ముందు గాలి చూడాలి. ధర గురించి ఆలోచించడం ఆ తర్వాతే.

ఫుకెట్ థాయిలాండ్‌కి పడమటి వైపు, అండమాన్ సముద్రంలో ఉంది. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ నైరుతి గాలి. మన కేరళకి వానలు తెచ్చే రుతుపవనమే అది. వేల కిలోమీటర్లు అడ్డూ ఆపూ లేకుండా నీటి మీద నుంచి వస్తుంది కాబట్టి అలల్ని పోగేసుకుని వస్తుంది. పటోంగ్, కరోన్, కటా బీచ్‌లలో ఆ నెలల్లో ఎర్ర జెండాలు పాతేది అందుకే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అది నేల దాటుకుని వస్తుంది. గాలి బాగానే ఉంటుంది, అల పెరగడానికి మాత్రం దూరం చాలదు. ద్వీపానికి పడమటి వైపు సముద్రం చెరువులా పడుకుని ఉంటుంది.

ఇదేమీ తెలియకుండానే మేం సెప్టెంబరులో వెళ్ళాం. నలభై శాతం తగ్గింపు అన్నారు, మూడు రాత్రులు, నాలుగు గదుల క్యాటమరాన్. (రెండు డొప్పల మీద తేలే ఈ క్యాటమరాన్ అనేది తమిళుల కట్టుమరం నుంచి వెళ్ళిన మాటే. మా భీమిలి తెప్పకి దూరపు చుట్టం అన్నమాట. ఏసీ, ఫ్రిజ్ ఉన్న చుట్టం.) మొదటిరోజు స్కిప్పర్ వాతావరణం చూసి, ఫీఫీ దీవులకి వెళ్ళేది లేదన్నాడు. ఫుకెట్ నుంచి నలభై, నలభై ఐదు కిలోమీటర్లు అడ్డులేని సముద్రం దాటాలి. పిల్లలు గోల చేస్తే, సరే రేవు దాటి చూపిస్తానని దక్షిణపు కొస దాకా తీసుకెళ్ళాడు. పావుగంట. అమ్మ వెనక వైపు రెయిలింగ్ పట్టుకుని, రెండో చేతిలో నిమ్మకాయ ముక్కుకి ఆనించుకుని కూర్చుంది. మొహం పాలిపోయింది. "అరవై ఏళ్ళు నేను సముద్రాన్ని చూశాను, అది నన్ను చూడ్డం ఇదే మొదలు" అంది. స్కిప్పర్ మాట కూడా అనకుండా పడవ వెనక్కి తిప్పాడు.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. మేం చూడాలనుకున్న సిమిలన్ దీవులు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసే ఉంటాయి, అది నేషనల్ పార్కు. ఫీఫీ దీవుల్లోని మాయా బే కూడా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మూసేస్తారు. జనం తొక్కిడికి పగడాలు చచ్చిపోతుంటే 2018లో పూర్తిగా మూసి, 2022 జనవరిలో మళ్ళీ తెరిచారు. ఇప్పటికీ పడవలు ఆ బే లోపలికి వెళ్ళకూడదు, దీవి వెనక రేవులో దిగి నడిచి రావాలి. మాకు బుకింగ్ చేసినవాళ్ళు ఇవేవీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

అయినా ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఆ మూడు రోజులూ పూర్తిగా వృథా పోలేదు. ఫుకెట్‌కి తూర్పున ఫాంగ్ ఙా అఖాతం ఉంది. నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి కొండలు. నైరుతి గాలికి ఫుకెట్ ద్వీపమే గోడలా అడ్డు నిలుస్తుంది కాబట్టి వానాకాలంలో కూడా అక్కడ చాలావరకు నిమ్మళం. కొండల మీద మబ్బు దిగి, రాళ్ళ మీదుగా సన్నటి జలపాతాలు కారుతుంటే, జేమ్స్ బాండ్ దీవి దగ్గర మామూలుగా ఉండే తిరునాళ్ళ జనం లేకుండా చూశాం. సెలవు సెప్టెంబరులోనే దొరికితే, పెద్దవాళ్ళు వెంట లేకపోతే, ఆ అఖాతంలోనే ఉంటానని ముందే ఒప్పుకుని వెళ్ళొచ్చు. ఫీఫీ, సిమిలన్ అని కలలు మాత్రం కనకండి.

సరే, మన సెలవుల ప్రకారం లెక్క వేసుకుందాం.

దసరా: వద్దు. సెప్టెంబరు, అక్టోబరు అక్కడ వానలు బాగా ముదిరే నెలలు.

దీపావళి, కార్తీకమాసం: మధ్యరకం. గాలి దిశ మారుతుంటుంది. ఒక వారం అద్దంలా ఉంటుంది, మరో వారం ఊపేస్తుంది. ఈ రోజుల్లో బుక్ చేసుకునేవాళ్ళు బంగాళాఖాతం మీద ఒక కన్నేసి ఉంచాలి. విశాఖవాళ్ళకి నేను చెప్పాలా? 2014 అక్టోబరు 12న మన మీద పడ్డ హుద్‌హుద్ పుట్టింది ఉత్తర అండమాన్ సముద్రంలోనే. తుఫాను మనవైపు వచ్చేసినా, అల్పపీడనంగా ఉన్నప్పుడే ఆ చుట్టుపక్కల నీళ్ళని కలిపేసి వస్తుంది. అల్పపీడనం అన్న మాట టీవీలో వినపడిందంటే ప్రయాణానికి రెండు రోజులు ఇటూ అటూ జరిపే వీలుండాలి. ఒక మంచి సంగతి, మనం కార్తీక పౌర్ణమికి దీపాలు వదిలే రోజే వాళ్ళకి లాయ్ క్రతోంగ్. అరటి దొప్పల్లో పూలూ దీపాలూ పెట్టి నీళ్ళలో వదులుతారు. ఆ రాత్రి ఒడ్డు దగ్గర లంగరేసుకుని ఉంటే బాగుంటుంది.

డిసెంబరు: గాలి కుదురుకుంటుంది. నెల మొదట్లో ఫుకెట్‌లో కింగ్స్ కప్ అని తెరచాప పడవల పోటీ జరుగుతుంది, 1987 నుంచీ ఉంది. పోటీవాళ్ళు డిసెంబరు పెట్టుకున్నారంటే అర్థం చేసుకోండి. కానీ క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా ధరలు చూస్తే గుండె గుభేలుమంటుంది.

సంక్రాంతి: ఇదే నా మాట. కొత్త సంవత్సరం రద్దీ పోయి, చైనావాళ్ళ కొత్త సంవత్సరం రద్దీ ఇంకా రాని ఆ రెండు, మూడు వారాలు. గాలి పది నుంచి ఇరవై నాట్లు, అంటే గంటకి సుమారు పద్దెనిమిది నుంచి ముప్ఫై ఏడు కిలోమీటర్లు. ఇంజన్ ఆపేసి తెరచాప ఎత్తితే పడవ తనంతట తను సాగుతుంది. ఆ నిశ్శబ్దం కోసమే మళ్ళీ మళ్ళీ వెళ్తున్నాం. ఒక్క జాగ్రత్త: గాలి బాగా వీచే రోజున ఫీఫీకి దాటేటప్పుడు చిన్న చిన్న అలలు తగులుతాయి. పొద్దున్నే దాటేయమని స్కిప్పర్‌కి చెప్పండి. రాత్రి లంగరు దీవికి పడమర, నైరుతి వైపుల్లో వేస్తారు, కొండ గాలిని ఆపుతుంది.

ఫిబ్రవరి, మార్చి: గాలి తగ్గుతుంది, సముద్రం ఇంకా శాంతిస్తుంది, నీళ్ళు తేటపడతాయి. పగడాలూ చేపలూ చూడాలనుకునేవాళ్ళకి, ప్రయాణాల్లో కడుపు తిప్పేవాళ్ళకి ఇవే నెలలు. సిమిలన్ వెళ్ళాలన్నా ఇప్పుడే. ఎనభై కిలోమీటర్ల పైనే దూరం, గంటకి పదో పన్నెండో కిలోమీటర్లు నడిచే పడవలో దాదాపు ఎనిమిది గంటలు. అంతసేపు కూర్చోవాలంటే నీళ్ళు ఊరుకోవాలి. అమ్మ రెండోసారి పడవెక్కింది ఫిబ్రవరిలోనే. నిమ్మకాయ తెచ్చుకుంది కానీ దాన్ని పప్పులో పిండేసింది.

వేసవి సెలవులు: ఏప్రిల్‌లో గాలే ఉండదు. ఎండ మన రామగుండం ఎండలా కాదు, కానీ ఉక్క. మేం వెళ్ళినప్పుడు నాలుగు రోజులూ ఇంజన్ మీదే తిరిగాం. మా చిన్నది "అమ్మా, ఆ గుడ్డ ఎందుకు పెట్టారు మరి?" అని తెరచాప చూపించి అడిగింది. డీజిల్ ఖర్చు విడిగా వేశారు, ఏసీకి జనరేటర్ రాత్రంతా మోగింది. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్ పండగ, ఊరంతా నీళ్ళు చల్లుకుంటారు, పిల్లలకి సరదా. ఇక మే రెండో వారం దాటితే ఫుకెట్ సంగతి మర్చిపోండి.

మే, జూన్ తప్ప కుదరదంటారా? అప్పుడు దేశానికి అవతలి వైపు వెళ్ళండి. కో సమూయి తూర్పు ఒడ్డున, థాయిలాండ్ సింధుశాఖలో ఉంది. అక్కడ లెక్క తిరగబడుతుంది. నైరుతి గాలికి నేల అడ్డం, కాబట్టి మన వేసవి సెలవుల్లో అక్కడ సముద్రం నెమ్మది. ఆంగ్ థోంగ్ దీవులు పక్కనే. వాళ్ళకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నవంబరు మరీను. మన నెల్లూరు, చెన్నైలకి ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజులే. "థాయిలాండ్‌కి మంచి సీజన్ ఏది" అని అడిగితే జవాబు దొరకదు, ఏ ఒడ్డు అని అడగాలి.

నెల కుదిరాక తేదీ కుదుర్చుకోవాలి. ఇక్కడ పంచాంగం పనికొస్తుంది. నవ్వకండి.

అమావాస్య, పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకి ఆటుపోట్ల తేడా బాగా ఎక్కువ. ఫుకెట్ దగ్గర నీటి మట్టం మూడు మీటర్ల దాకా లేస్తుంది, పడుతుంది. అష్టమి దాటాక ఆ తేడా మీటరుకి అటూ ఇటూ. ఫాంగ్ ఙా అఖాతం ఉత్తరపు వైపు లోతు తక్కువ, అడుగున బురద. ఆ మూడు మీటర్లు ఏం చేస్తాయో మాకు కో యావ్ నోయి దీవిలో తెలిసింది. పౌర్ణమి వెళ్ళిన మర్నాడు. మధ్యాహ్నం డింగీలో, అంటే పెద్ద పడవతో పాటు వచ్చే చిన్న పడవలో, ఒడ్డుకి వెళ్ళి, ఇసుక మీదికి లాగి, చెట్టుకి తాడు కట్టి, కొబ్బరిబోండాలు తాగి, అత్తయ్య అక్కడి ఆడవాళ్ళతో సైగలతో కబుర్లు చెప్పి, మూడు గంటల తర్వాత తిరిగొచ్చాం. సముద్రం లేదు. నిజంగానే లేదు. డింగీ ముందు వంద అడుగుల బురద, పీతలు పక్కకి పరిగెడుతున్నాయి, మా పడవ ఎక్కడో దూరంగా బొమ్మలా ఉంది. మా ఆయనా, స్కిప్పరూ పిక్కల దాకా దిగబడుతూ డింగీని లాగారు. ఒక చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. అత్తయ్య ఒడ్డున నిలబడి, "నిన్న పౌర్ణమి కదర్రా, మీకు తెలీదూ" అంది. ఆవిడది కాకినాడ.

అప్పట్నుంచీ మేం సప్తమి, అష్టమి చూసుకుని బయల్దేరుతున్నాం. పెద్దవాళ్ళు డింగీ ఎక్కి దిగడం తేలిక, నీటి ఉరవడీ తక్కువ. కానీ ఒక చిక్కుంది. ఆ కొండల్లో హోంగ్‌లు అని ఉంటాయి, పైకప్పు లేని గదుల్లాంటి మడుగులు. గుహ గుండా చిన్న పడవలో పడుకుని లోపలికి వెళ్ళాలి. పోటు మీద ఉంటే గుహ పైకప్పు నెత్తికి తగులుతుంది, మరీ ఆటు అయితే పడవ రాళ్ళకి ఆనుతుంది. మధ్యలో ఉన్న కాసేపే దారి. ఏ రోజు ఏ గంటకి అన్నది స్కిప్పర్‌ని ముందే అడిగి, మిగతా రోజు కార్యక్రమం దాని చుట్టూ వేసుకోవాలి. ఇంకోటి: రాత్రి నీళ్ళలో చెయ్యి పెడితే నీలంగా మెరిసే వింత చూడాలంటే చీకటి రాత్రే కావాలి, అంటే అమావాస్య దగ్గర. అన్నీ ఒకే ట్రిప్పులో కుదరవు. పెద్దవాళ్ళతోనా, కుర్రకారుతోనా అన్నదాన్ని బట్టి మీరే తేల్చుకోండి.

డబ్బు కట్టేముందు నాలుగు మాటలు రాతపూర్వకంగా తీసుకోండి. వాతావరణం బాగాలేక స్కిప్పర్ వెళ్ళనంటే తేదీ మారుస్తారా, డబ్బు తిరిగిస్తారా? డీజిల్, పార్కు ఫీజులు కలిపేనా? పడవ ఉండే మెరీనా లోంచి ఎప్పుడైనా బయటికి రావచ్చా, పోటు వచ్చేదాకా ఆగాలా? మేం వెళ్ళే తేదీల్లో ఏ దీవులు మూసి ఉంటాయి? చివరి ప్రశ్నకి తడబడితే ఇంకొకర్ని చూసుకోండి. శాకాహారులుంటే చేపల సాస్ వెయ్యొద్దని మరీ మరీ చెప్పాలి, కూరగాయల్లోనూ వేసేస్తారు. మేం ఇప్పుడు చిన్న కుక్కరూ, కందిపప్పూ, ఆవకాయా పట్టుకెళ్తున్నాం.

మా చెల్లెలు అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి ఆఫర్ పోతుంది కదక్కా" అంది. పోనివ్వమన్నాను. రాత్రికి మెసేజ్ పెట్టింది: దసరాకి అరకు వెళ్తున్నారట, పడవ సంక్రాంతి దాటాక వచ్చే అష్టమికట. కింద ఇంకో లైను, "పెద్దమ్మని కూడా తీసుకెళ్తాం, నిమ్మకాయలు మేమే తెస్తాం."