మే ఎండల్లో పిల్లలతో తలకోన

తిరుపతి నుంచి తలకోన జలపాతానికి ఉదయం ఆరుకే బయల్దేరండి. పదకొండు దాటితే బండలు కాలి పిల్లల అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. భాకరాపేట ఘాట్‌లో మలుపులెక్కువ. పాలు తాగించి వెంటనే కారెక్కిస్తే కక్కేస్తారు. గంట ముందు ఒక ఇడ్లీ చాలు.

పెరుగన్నం పొద్దున్నే కలిపితే మధ్యాహ్నానికి పులుస్తుంది. మెత్తటి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి తీసుకెళ్లండి, తినేవేళకు కమ్మగా తోడుకుంటుంది.

ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుడు నీళ్లలో సగం పొట్లం వేయడం పసివాళ్లకు ప్రమాదం, ఒంట్లో ఉప్పు పెరిగిపోతుంది. 24 గంటలు దాటితే పారబోయండి.

జలపాతం ఎత్తు 270 అడుగులు. వేసవిలో ధార సన్నబడినా పాచి రాళ్లు జారతాయి. మడమ పట్టీ ఉన్న చెప్పులే వేయండి. కోతులకు బిస్కెట్ ప్యాకెట్ కనబడనీయకండి.