క్లోనర్‌లో కటింగ్స్ కుళ్లిపోతున్నాయా? ముందు నీళ్లలో థర్మామీటర్ పెట్టండి

క్లోనర్ అంటే కోసిన కొమ్మల (కటింగ్స్) చివర్లకి మోటార్‌తో నీళ్లు చిమ్ముతూ మట్టి లేకుండా వేర్లు రప్పించే మూత ఉన్న టబ్. హైదరాబాద్‌లో బాల్కనీలోనో టెర్రస్ మీదో ఇది పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, అండీ కాడలు కుళ్లిపోతున్నాయి ఏ మందు వేయాలి అని. నా మటుకు మందు తర్వాతి మాట, పదిలో తొమ్మిదిసార్లు అసలు కారణం నీళ్ల వేడే. సమస్యని బట్టి ఏం చూడాలో ఏం చేయాలో రాస్తున్నా.

కాడ చివర గోధుమ రంగులోకి మారి జిగురుగా ఉంది, మూత తీస్తే వాసన

ఇది కుళ్లు, ఎక్కువగా పిథియం అనే, బూజులాంటి నీటి సూక్ష్మజీవి పని. నీళ్లు 25 డిగ్రీలు దాటితే దానికి పండగే, పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా కరిగేది 30 దగ్గర ఏడున్నరకి పడిపోతుంది, అంటే కాడకి ఊపిరాడదు, రోగానికి బలం వస్తుంది, రెండూ ఒకేసారి. చెయ్యి పెట్టి చూసి చల్లగానే ఉన్నాయి అనుకోవద్దు, 28 ఉన్న నీళ్లు కూడా చేతికి చల్లగానే తగులుతాయి. అక్వేరియం షాపులో థర్మామీటర్ దొరుకుతుంది, తెచ్చి టబ్‌లో వేయండి, 20 నుంచి 24 మధ్య ఉండాలి.

వేడి ఎక్కడినుంచి వస్తోంది? ఎండ సరే, చాలామంది చూడనిది మోటార్. నీళ్లలో మునిగి 24 గంటలూ తిరిగే మోటార్ ఆ వేడంతా నీళ్లకే ఇస్తుంది, చిన్న టబ్ అయితే ఇంకా తొందరగా ఎక్కుతుంది. టైమర్ పెట్టండి, 15 నిమిషాలు ఆన్ 15 నిమిషాలు ఆఫ్ చాలు, మామూలు తిప్పే టైమర్‌తోనే అయిపోతుంది. ఎయిర్ పంప్ బాల్కనీలో ఉంటే మే నెలలో 40 డిగ్రీల గాలిని తెచ్చి నీళ్లలోకి ఊదుతుంది, దాన్ని ఇంట్లోకి మార్చండి. టబ్‌ని కూడా లోపల నేల మీద పెట్టండి, ఎండాకాలం మధ్యాహ్నాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టిన వాటర్ బాటిల్ మూత గట్టిగా బిగించి అలాగే నీళ్లలో వేయండి, కరిగాక మార్చండి.

కుళ్లు మొదలైపోయింటే ఆ కాడలు తీసి పారేయండి, జాలిపడి ఉంచితే మోటార్ ఆ రోగాన్ని పక్కవాటన్నిటికీ చిమ్ముతుంది. కుళ్లు చివర వరకే ఉంటే కాడని పైన ఆకుపచ్చగా గట్టిగా ఉన్నచోట కొత్త బ్లేడ్‌తో కోసి, కడిగిన టబ్‌లో మళ్లీ పెట్టొచ్చు. కడగడానికి 9 వంతుల నీళ్లకి 1 వంతు బ్లీచ్ ద్రావణం కలిపి మోటార్ 20 నిమిషాలు తిప్పండి, తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తిప్పి పారబోయండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ బాత్రూం యాసిడ్ గానీ అస్సలు కలపొద్దు, విషవాయువు వస్తుంది. మూత రంధ్రాల్లో కాడని పట్టి ఉంచే స్పాంజి కాలర్లలో రోగం దాక్కుంటుంది, కుళ్లు వచ్చిన బ్యాచ్‌వి పారేసి కొత్తవి వాడటమే మేలు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది కానీ ఒకటి రెండు రోజుల్లో బలం పోతుంది. మెడికల్ షాపులో దొరికేది ఎక్కువగా 6 శాతం, లేబుల్ చూసుకుని లీటరుకి ఒకటిన్నర ఎంఎల్. ట్రైకోడెర్మా (రోగాన్ని అణిచే మంచి శిలీంధ్రం) లాంటివి వాడేవాళ్లు దీన్ని వేయొద్దు, మంచివాటినీ చంపేస్తుంది.

కాడ మీద తెల్లటి బుడిపెలు

రోగం కాదు, కంగారుపడకండి! తేమ ఎక్కువున్నప్పుడు కాడ గాలి పీల్చుకునే రంధ్రాలు ఉబ్బుతాయి, కొన్ని చోట్ల వేర్లు కూడా ఇలాగే మొదలవుతాయి. గట్టిగా, వాసన లేకుండా ఉంటే మంచిదే. ఇవి చూసి మందు పోసేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

మొదటిరోజే ఆకులు వాడిపోయాయి

వేర్లు లేని కొమ్మ, పైన అన్ని ఆకులు, ఎండాకాలపు పొడిగాలి. పైన రెండు మూడు ఆకులే ఉంచండి, పెద్దవైతే సగానికి కోయండి, పైన పారదర్శకమైన డబ్బా బోర్లించండి. వానాకాలంలో ఆ డబ్బాని రోజూ కాసేపు తీయాలి లేకపోతే ఆకుల మీద బూజు వస్తుంది. నీళ్లలోకి రాలిన ఆకు కనపడగానే తీసేయండి.

ఒక పక్క కాడలు ఎండుతున్నాయి, నాజిల్స్ మీద తెల్లటి పొర

బోరు నీళ్లు. మన దగ్గర చాలా కాలనీల్లో బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, నీళ్లు చిమ్మే నాజిల్ దాంతో మూసుకుపోతుంది. విప్పి వెనిగర్‌లో నానబెట్టండి, బ్లీచ్‌తో కడిగేటప్పుడు కాదు, విడిగా ఇంకోరోజు. తర్వాత నుంచి ఆర్వో నీళ్లు లేదా కుళాయి నీళ్లు వాడండి, పీహెచ్ (నీళ్లలో ఆమ్లం ఎంతో చెప్పే కొలత) 5.5 నుంచి 6 మధ్యకి తెచ్చుకోండి. టబ్ లోపల ఆకుపచ్చగా పాచి ఉంటే వెలుతురు దూరుతోందని, నల్ల టేప్ చుట్టండి.

కాడ బాగానే ఉంది, వేర్లే రావట్లేదు

పుదీనా, తులసి వారం పది రోజుల్లో వేస్తాయి, మందారం, గులాబీ మూడు నాలుగు వారాలు తీసుకుంటాయి, కాబట్టి రోజూ పైకి తీసి చూడకండి. ఎరువు ముందే కలిపేస్తే వేర్లు తొందరగా రావు, వేర్లు కనపడ్డాకే కొద్దిగా వేయండి. గులాబీకి ఐబీఏ పౌడర్ (వేర్లు రప్పించే హార్మోన్) అద్దితే తేడా తెలుస్తుంది. పూలు, మొగ్గలు ఉన్న కొమ్మ కాకుండా, తెగులు లేని తల్లిమొక్క నుంచి పొద్దున్నే కోయండి. వేర్లు అంగుళం, అంగుళంన్నర రాగానే కోకోపీట్ (కొబ్బరి పొట్టు)లోకి మార్చేయండి, ఇంకా పొడుగయ్యేదాకా ఆగితే ఒకదానికొకటి చిక్కుకుని తీసేటప్పుడు తెగుతాయి, ఆ తెగిన చోటే మళ్లీ కుళ్లు పడుతుంది.