పదే పదే చెయ్యి పడే ఫైల్ ఏదో ముందు లెక్కపెట్టండి

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది, గుంటూరు బ్రాడీపేటలో నలుగురం కూర్చుని రాస్తుంటాం. ఫిబ్రవరిలో సీజన్ ఎక్కిందంటే చాలు, 'మా పట్టీలో (రైతుకిచ్చే లెక్క కాగితంలో) తరుగు తప్పు పడిందండీ' అని రోజూ ఎవరో ఒకరి ఫోను. సరిచేస్తాం, వారం తిరక్కుండా అక్కడే ఇంకోటి. కిందటి సీజన్ అయ్యాక కోడ్ మొత్తం కూర్చుని చదివి బాగుచేద్దామనుకున్నాం గానీ, 340 ఫైళ్లు, రెండో రోజుకే అందరికీ నీరసం వచ్చేసింది. అప్పుడు చేసిన పని ఇది, అరగంట పట్టింది.

ఏ కమిట్‌లో, అంటే ఒక్కోసారి దాచిన మార్పులో, ఏ ఫైళ్లు మారాయో కోడ్ చరిత్ర దాచే గిట్ దగ్గర ఎలాగూ రాసి ఉంటుంది, మనం అడగాలి అంతే. టెర్మినల్‌లో గిట్ లాగ్ కొట్టి, సిన్స్ ఆప్షన్‌కి ఒక సంవత్సరం ఇవ్వండి, నేమ్ ఓన్లీ పెట్టండి, ఫార్మాట్ ఆప్షన్‌లో ఈక్వల్ గుర్తు తర్వాత ఏమీ రాయకుండా వదిలేయండి. అలా వదిలితే మెసేజ్‌లూ తేదీలూ పోయి ఉత్త ఫైళ్ల పేర్లే వస్తాయి. ఆ వచ్చినదాన్ని పైప్ పెట్టి సార్ట్‌కి, అక్కణ్ణుంచి యూనిక్‌కి మైనస్ సి తో, మళ్లీ సార్ట్‌కి మైనస్ ఎన్ఆర్ తో, చివర హెడ్‌కి మైనస్ 20 తో పంపండి. ఏడాదిలో ఎక్కువసార్లు మారిన 20 ఫైళ్లు, ఎన్నిసార్లు మారాయో ఆ అంకెతో సహా వస్తాయి. మొదటి సార్ట్ ఎందుకులే అని వదిలేయొద్దు, యూనిక్ పక్కపక్కన ఉన్న లైన్లనే కలిపి లెక్కపెడుతుంది. విండోస్ వాళ్లు గిట్ బాష్‌లో చేయండి. పేరు లేకుండా ఉత్త అంకె ఒకటి కనపడితే అవి ఖాళీ లైన్లు, పట్టించుకోకండి.

అన్ని ఫైళ్ల పక్కనా 1 అనే వస్తే కంగారు పడకండి, మీరు డెప్త్ 1 పెట్టి, అంటే ఆఖరి కమిట్ ఒక్కటే వచ్చేలా, క్లోన్ చేసుకుని ఉంటారు. గిట్ ఫెచ్ అన్‌షాలో కొడితే పాత హిస్టరీ అంతా దిగుతుంది.

ఇప్పుడు ఆ 20 పేర్లూ చూసి అదిగో ప్రమాదం అనేయకూడదు. మా లిస్టులో మొదటిది ప్యాకేజ్ లాక్ ఫైల్ (వాడే లైబ్రరీల వెర్షన్ల జాబితా), రెండోది ప్రింట్‌లో వచ్చే తెలుగు పదాల ఫైల్. రెండూ మారుతూనే ఉంటాయి, వాటివల్ల ఎవరి నిద్రా చెడలేదు. మూడోది పట్టీ లెక్క ఫైల్, 61 సార్లు. ప్రతి ఫైల్ పక్కనా డబ్ల్యూసీ మైనస్ ఎల్ తో లైన్ల లెక్క వేసుకోండి, మా పట్టీ ఫైల్ 1,900 లైన్లు తేలింది. 2005లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు విండోస్ సర్వర్ 2003 కోడ్ మీద చేసిన అధ్యయనంలోనూ, ఎంత మారిందనే ఉత్త సంఖ్య కంటే ఆ భాగం సైజు లాంటివాటితో పోల్చి చూసిన లెక్కలే లోపాలెక్కడున్నాయో బాగా పట్టిచ్చాయి.

తర్వాత బగ్ సరిచేసిన కమిట్‌లు మాత్రమే తీసి అదే లెక్క ఇంకోసారి వేయండి. గిట్ లాగ్‌కే గ్రెప్ ఆప్షన్ ఉంది, దానికి ఫిక్స్, బగ్ లాంటి మాటలు ఇవ్వాలి. మీ టీమ్ నిజంగా ఏం రాస్తుందో చూసి ఇవ్వండి, మా కమిట్ మెసేజ్‌లలో ఫిక్స్ కంటే 'మళ్లీ' అనే మాట ఎక్కువ ఉంది, సిగ్గుపడాల్సిన విషయమే. రెండు లిస్టుల్లోనూ పైన ఉండి, సైజులోనూ పెద్దదైన ఫైల్ ఏదో అక్కడ కూర్చోండి.

కూర్చున్నాక ఫైలంతా చదవక్కర్లేదు. గిట్ లాగ్‌కి మైనస్ పెద్ద ఎల్, ఫంక్షన్ పేరు, ఫైల్ పేరు ఇస్తే ఆ ఒక్క ఫంక్షన్ చరిత్ర వరసగా చూపిస్తుంది. 61 లో 23 సార్లు తరుగు ఫంక్షనే మారింది. ఆ మార్పులు వరసగా చదువుతుంటే విషయం బయటపడింది: ఒకచోట ఒక్కో టిక్కీకి (మిర్చి బస్తాకి) విడిగా కిలోల పైన మిగిలిన గ్రాములు కొట్టేస్తున్నాం, ఇంకోచోట లాట్ మొత్తం కూడాక కొట్టేస్తున్నాం. టిక్కీకి 400 గ్రాములు పోయినా 60 టిక్కీలకి 24 కిలోలు, రైతు ఊరుకుంటాడా? ఒకరు ఇటు సరిచేస్తే అటు చెడుతోంది, ఇంకొకరు అటు సరిచేస్తే ఇటు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే.

ఈ లెక్కకి దొరకనివీ ఉంటాయి. మా ప్రింటర్ ఫైల్ ఏడాదిలో రెండుసార్లే మారింది, కానీ అది రాసినతను హైదరాబాద్ వెళ్లిపోయాడు, మిగతావాళ్లు దాన్ని ముట్టుకోవడానికే భయపడతారు. అలాంటివాటికి గిట్ షార్ట్‌లాగ్ మైనస్ ఎస్‌ఎన్ తో ఏ ఫైల్‌లో ఎవరి కమిట్‌లు ఎన్నో చూడండి. అన్నట్టు, ఈ అంకెలు పట్టుకెళ్లి ఎవరు ఎంత పని చేశారో తేల్చడానికి వాడొద్దు. కష్టమైన ఫైల్ నెత్తిన వేసుకున్నవాడే అందులో ఎక్కువ కనిపిస్తాడు. స్క్వాష్ మెర్జ్ చేసే టీముల్లో అయితే పది మార్పులు ఒక్కటిగా కనపడతాయి కాబట్టి అంకెలు అసలు కంటే తక్కువే ఉంటాయి.

మేం తరుగు ఫంక్షన్‌ని వెంటనే తిరగరాయలేదు. వ్యాపారుల దగ్గర సరిచూసుకున్న పాత పట్టీలు 200 తెచ్చి టెస్టులుగా రాసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాం, గ్రాములు కొట్టేసేది లాట్ చివర ఒక్కచోటే ఉంచాం. ఈ సీజన్‌లో ఆ ఫైల్ నాలుగుసార్లు మారింది. లిస్టులో ఇప్పుడు పైకొచ్చింది హమాలీ ఛార్జీల ఫైల్, దాని సంగతి వేసవి అయ్యాక చూడాలి.