స్టవ్ మీద అల్లం సోడా: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఇంట్లో బీరు కాచుకునే పద్ధతులు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతాయి. కానీ మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం నేరం. పైగా 1992లో దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించిన నెల్లూరు జిల్లా మాది. వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్లు నడిపిన ఆ ఉద్యమం వల్లే 1993లో రాష్ట్రమంతటా సారా ఆగింది. ఆ చరిత్ర మీద నాకు గౌరవం ఉంది. అందుకే బీరు జోలికి పోకుండా, దాదాపు అదే పద్ధతిలో పులిసే అల్లం సోడా గురించి రాస్తున్నాను. కాచడం, చల్లార్చడం, ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) కలపడం, సీసాకెత్తడం అన్నీ అలాగే ఉంటాయి, చెడిపోయే తీరు కూడా అదే. గ్యాస్ పట్టగానే ఫ్రిజ్‌లో పెట్టి ఆపేయడం ఒక్కటే తేడా.

మీరు చదివే కొలతల్లో చాలావరకు 20 డిగ్రీల చల్లటి వంటిళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. 'మూడు నాలుగు రోజులు బయట ఉంచండి' అని వాటిలో ఉంటుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో మే నెలలో అన్ని రోజులు ఉంచితే సీసా పేలుతుంది. నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ వాటికి మూలం ఈ వేడే, ఆ తర్వాత నీళ్లు.

ముందు నేను వాడే కొలత చెబుతాను, తప్పు ఎక్కడ జరిగిందో పోల్చుకోవడానికి. అర లీటరు నీళ్లలో రెండు చెంచాల తొక్కతో తరిగిన అల్లం, రెండు చెంచాల పంచదార వేసి పైన గుడ్డ కట్టాలి. రోజూ అల్లం ఒక చెంచా, పంచదార ఒక చెంచా చేర్చి కలుపుతుంటే బుడగలు వస్తాయి. జింజర్ బగ్ అంటారు దీన్ని, నేను అల్లం తోడు అంటాను. ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లో, చలికాలంలో వారానికి తయారవుతుంది. తర్వాత 100 గ్రాముల అల్లం కచ్చాపచ్చాగా దంచి లీటరు నీళ్లలో పావుగంట మరిగించి, 120 గ్రాముల పంచదార కరిగించి, కాచి చల్లార్చిన నీళ్లు ఇంకో లీటరు పోయాలి. గోరువెచ్చన కూడా పోయి పూర్తిగా చల్లారాక వడగట్టి, రెండు మూడు నిమ్మకాయల రసం, 100 మిల్లీలీటర్ల వడగట్టిన తోడు కలిపి సీసాలకెత్తాలి. పైన రెండంగుళాలు ఖాళీ వదలాలి.

తోడులో బుడగలే రావడం లేదు

ముందు అల్లాన్ని చూడండి. ఈస్ట్ ఉండేది తొక్క మీద. తొక్క తీసేసినా, తళతళ మెరిసేలా కడిగి అమ్మే అల్లం తెచ్చినా అందులో పెద్దగా మిగలదు. మట్టి అంటుకుని ఉన్న అల్లం తెచ్చి, చల్లటి నీళ్లలో ఒక్కసారి కడిగి, తొక్కతోనే తరగండి. అప్పటికీ కదలకపోతే నల్ల ఎండుద్రాక్ష నాలుగు వేస్తే చాలాసార్లు లేస్తుంది. బంగారు రంగు ద్రాక్ష మాత్రం వద్దు, ఆ రంగు నిలవడానికి పట్టించే గంధకం ఈస్ట్‌ను అణచేస్తుంది.

అల్లం బాగుంటే తప్పు నీళ్లది. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. పావుగంట మరిగించి చల్లార్చండి, లేదా వెడల్పాటి గిన్నెలో రాత్రంతా మూత లేకుండా ఉంచండి. బోరు నీళ్ల సంగతి వేరు. సముద్రానికి దగ్గర ఊళ్లలో బోర్లు ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పు మరిగిస్తే పోదు. గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే గట్టి నీళ్లయితే అందులోని సున్నం పులుపును మింగేస్తుంది. తోడు త్వరగా పులవదు, ఆ సందులో అక్కర్లేని సూక్ష్మజీవులు చేరతాయి. మరిగించి, పైకి తేరిన నీళ్లు వంచుకుంటే సున్నం కొంత తగ్గుతుంది. కనిగిరి వైపు వాళ్లకు ఇంకో మాట. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను మరిగించినా ఫ్లోరైడ్ తగ్గదు, నీళ్లు ఇంకేకొద్దీ చిక్కబడుతుంది. అక్కడ ఫిల్టర్ నీళ్లే వాడాలి. ఫిల్టర్ నీళ్లలో ఖనిజాలు తక్కువ కాబట్టి, పంచదారలో సగం తీసేసి ముదురు రంగు బెల్లం వేయండి. తోడు చురుగ్గా లేస్తుంది.

వేడి నీళ్లలో తోడు కలపడం మూడో కారణం. చెయ్యి పెట్టలేని వేడిలో ఈస్ట్ చచ్చిపోతుంది. గిన్నె బయట తాకి చూస్తే తెలియదు, లోపల శుభ్రమైన చెంచాతో కలిపి, రెండు చుక్కలు మణికట్టు మీద వేసుకుని చూడండి. అక్కడ వేడి తెలియకూడదు.

సీసా రాయిలా గట్టిపడింది, లేదా మూత తీయగానే సగం నేలపాలైంది

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన సమస్య, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఈస్ట్ పంచదారను తిని కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్ రెండూ వదులుతుంది. లీటరులో 4 గ్రాముల పంచదార పులిస్తే ఆ లీటరు పానీయంలో దాదాపు ఒక లీటరు గ్యాస్ పుడుతుంది. కొనుక్కునే కూల్‌డ్రింకుల్లో లీటరుకు సుమారు మూడున్నర, నాలుగు లీటర్ల గ్యాస్ ఉంటుంది. మన సోడాలో లీటరుకు 60 గ్రాముల పంచదార వేశాం. అదంతా పులిస్తే 15 లీటర్ల గ్యాస్. ఏ సీసా తట్టుకోదు. అంటే పంచదార అయిపోయేదాకా ఆగితే దానంతటదే నెమ్మదిస్తుందనే ఆశ పెట్టుకోకూడదు. పులియడం మధ్యలోనే మనం ఆపాలి. ఆపగలిగేది చల్లదనం ఒక్కటే.

ఎప్పుడు ఆపాలో వాచీ చెప్పదు. 22 డిగ్రీల దగ్గర మూడు రోజులు పట్టే పని 36 డిగ్రీల వంటింట్లో ఒక్క పగలు పూర్తికావచ్చు. అందుకే గాజు సీసా వద్దంటాను, గోలీ సోడా సీసా ఎంత ముచ్చటగా ఉన్నా సరే. గాజు లోపలి ఒత్తిడి బయటికి కనిపించదు, పగిలితే పెంకులు కళ్లలోకి వస్తాయి. కూల్‌డ్రింక్ వచ్చిన ప్లాస్టిక్ సీసాలు ఒత్తిడి కోసమే చేసినవి. నీళ్ల బాటిల్ కాదు, సోడా నింపి అమ్మిన బాటిలే వాడండి. నింపాక పక్కన నొక్కి చూస్తే సొట్ట పడుతుంది. ఎండాకాలంలో నాలుగు గంటలకోసారి నొక్కండి. బొటనవేలు గట్టిగా నొక్కినా సొట్ట పడని క్షణంలో ఫ్రిజ్‌లో పెట్టేయండి. రాత్రి పడుకునే ముందు సగం గట్టిపడినట్టు అనిపిస్తే తెల్లారేదాకా చూడకండి, అప్పుడే పెట్టేయండి. గ్యాస్ కొంచెం తక్కువైతే నష్టం లేదు.

ఇప్పటికే రాయిలా అయిపోయిన సీసా మీ ముందు ఉందనుకుందాం. ప్లాస్టిక్‌దైతే వెంటనే తెరవకండి, కదపకండి. ఐసు నీళ్లలోనో ఫ్రిజ్‌లోనో నాలుగైదు గంటలు నిలబెట్టండి. చల్లబడితే గ్యాస్ ద్రవంలో కరిగి ఉంటుంది, ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత సింకులో పెట్టి మూత పావు తిప్పు వదులు చేయండి. బుస్సుమని నురగ పైకి రాగానే బిగించండి. నురగ దిగాక మళ్లీ వదులు చేయండి. ఇలా ఆరేడుసార్లు పడుతుంది. గాజుదైతే చేత్తో పట్టుకోవద్దు. పైన మందపాటి దుప్పటి కప్పి, పిల్లల్ని ఆ గదిలోకి రానీయకుండా, చుట్టూ ఐసు పేర్చి చల్లబడనివ్వండి. తీసేటప్పుడు కళ్లకు రక్షణ, చేతులకు మందపాటి గుడ్డ తప్పనిసరి.

ఇకముందు ఇలా కాకుండా ఉండాలంటే సీసాలు ఉంచే చోటు చల్లగా ఉండాలి. తడి గోనెపట్ట చుట్టి గాలి తగిలేలా పెట్టడం లోపలి ఊళ్ల పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. కావలి, సింగరాయకొండ లాంటి సముద్రం పక్క ఊళ్ల ఉక్కపోతలో తడి ఆరదు, చల్లదనమూ రాదు. మాకు అక్కరకొచ్చేది చేపలూ రొయ్యలూ వచ్చే థర్మోకోల్ పెట్టె. సబ్బుతో కడిగి ఎండబెట్టి, సీసాల మధ్య గడ్డకట్టిన నీళ్ల బాటిల్ ఒకటి పెట్టి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి మార్చితే లోపల ఎండాకాలంలోనూ 25 డిగ్రీల దగ్గర నిలబెట్టుకోవచ్చు. నన్నడిగితే మొదటిసారి చేసేవాళ్లు కార్తీక మాసంలో మొదలుపెట్టాలి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు వానలు అప్పుడే, వంటిల్లు తనంతట తానే చల్లగా ఉంటుంది.

తియ్యగా ఉంది, గ్యాస్ మాత్రం లేదు

సీసా నొక్కితే మెత్తగానే ఉందా? మూత సరిగ్గా పడి ఉండదు. సీసాను నిలువుగా, మూత మునిగేదాకా నీళ్లలో ముంచి పక్కన నొక్కితే బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపిస్తుంది. మూత బాగుంటే తోడు బలం చాలలేదు. కలిపేటప్పుడు తోడు పైన నురగ కట్టి, చెవి దగ్గర పెడితే చిటపటలు వినిపించాలి. ఇంకో రెండు చెంచాల చురుకైన తోడు కలిపి మళ్లీ మూత బిగించండి. నిమ్మరసం ఎక్కువైనా ఇంతే, బాగా పుల్లటి ద్రవంలో ఈస్ట్ నెమ్మదిస్తుంది. తోడులోకి నిమ్మరసం ఎప్పుడూ పిండకండి.

నిమ్మ చేదెక్కింది

పొదలకూరు మార్కెట్ దగ్గర్లో ఉన్నవాళ్లం, నిమ్మకాయ విషయంలో పొదుపు చేయం. కానీ చేదు రసంతో రాదు, గింజతో, లోపలి తెల్లటి పొరతో వస్తుంది. అందులోని లిమోనిన్ అనే చేదు పదార్థం పిండిన వెంటనే తెలియదు, గంటలు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ బయటపడుతుంది. అందుకే చేసినరోజు బాగున్న సోడా మర్నాడు చేదెక్కుతుంది. కాయను సగానికి కోసి మెల్లగా పిండి, గింజలు వెంటనే వడగట్టి, చల్లారాకే కలపండి. తొక్కతో సహా మిక్సీలో వేయడం, నిమ్మ ముక్కలు మరిగించడం రెండూ మానండి. చేదెక్కిన సోడాకు పూర్తి విరుగుడు లేదు. గ్లాసుకు చిటికెడు ఉప్పు వేస్తే నాలుకకు చేదు తక్కువ తెలుస్తుంది.

తీగలా సాగుతోంది

గ్లాసులోకి వంచితే జిగురుగా జారుతుందంటే కొన్నిరకాల బ్యాక్టీరియా పంచదారను జిగురుగా మార్చిందని అర్థం. మొదటి ఒకటి రెండు రోజుల్లో తోడు అలా ఉంటే కంగారు లేదు. రోజుకు రెండుసార్లు కలుపుతూ, పంచదార కాస్త తగ్గించి ఉంచితే పులుపు పెరిగేకొద్దీ చాలావరకు పోతుంది. వారమైనా పోకపోతే పారబోసి, గిన్నె, చెంచా, గుడ్డ మరిగే నీళ్లలో వేసి కొత్తగా మొదలుపెట్టండి.

పైన తెల్లగా కట్టింది

పలచగా, ముడతలు పడి, పొడిగా కాకుండా తడిగా ఉంటే అది గాలి తగిలి పెరిగే ఒకరకం ఈస్ట్. హాని లేదు, రుచి పాడుచేస్తుంది, తీసేసి కలుపుతుండండి. నూగు నూగుగా, పచ్చగానో నల్లగానో ఉంటే బూజు. పై పొర తీసేసి కింది తోడు వాడుకుందామనుకోవద్దు. మొత్తం పారేయాల్సిందే.

కుళ్లిన గుడ్డు వాసన, వెనిగర్ పులుపు

గుడ్డు వాసన ఈస్ట్‌కు తిండి చాలనప్పుడు, వేడికి అలసినప్పుడు వస్తుంది. మూత తీసి కాసేపు గాలికి వదిలితే చాలావరకు పోతుంది. మళ్లీ చేసేటప్పుడు కొంచెం బెల్లం కలపండి, చల్లటి చోట ఉంచండి. వెనిగర్ పులుపు వేరే సంగతి. మామిడిపళ్ల మీద వాలే చిన్న ఈగలు కాళ్లతో ఆ బ్యాక్టీరియాను మోసుకొస్తాయి, అది పెరగడానికి గాలి కావాలి. జల్లెడలాంటి గుడ్డ కాదు, నాలుగు మడతల నూలుగుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయండి.

కల్లు వాసన కొడుతోంది

పులియడం హద్దు దాటింది. లీటరులో 8, 9 గ్రాముల పంచదార పులిసేసరికి తాగడానికి సరిపడా గ్యాస్ వస్తుంది, ఆల్కహాల్ అరశాతం దగ్గర ఉంటుంది. మన ఆహార ప్రమాణాల్లో అరశాతం దాటితే అది మద్యం కిందే లెక్క. 60 గ్రాములూ పులిస్తే మూడున్నర, నాలుగు శాతం దాకా పోతుంది, అది నేరుగా బీరు బలం. కల్లు వాసన వచ్చిందంటే, తీపి పూర్తిగా పోయిందంటే తాగొద్దు, ఇంకెవరికీ పోయొద్దు. వెడల్పాటి జాడీలో పోసి గుడ్డ కట్టి నెల పైగా వదిలేస్తే అల్లం వెనిగర్ అవుతుంది, ఉల్లిపాయలు నానేసుకోవడానికి చాలా బాగుంటుంది.

సరిగ్గా కుదిరిన సోడాలో కూడా కొద్దిపాటి ఆల్కహాల్ ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లకు గ్లాసు ఇచ్చేముందు ఆ మాట చెప్పాలి. గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఇవ్వొద్దు. తాగుడు మానడానికి మందులు వాడుతున్నవాళ్లకు అసలే వద్దు, ఆ మందుల్లో కొన్నిటికి ఈ కాస్త ఆల్కహాల్ కూడా పడదు.

అడుగున మడ్డి

ఈస్ట్, అల్లం పిండి. ఏమీ కాదు. సీసా కదపకుండా వంచుకుని చివరి గుక్క వదిలేయండి.

ఫ్రిజ్‌లో పెట్టినా గ్యాస్ పెరుగుతోంది

ఫ్రిజ్ పులియడాన్ని నెమ్మది చేస్తుందే తప్ప చంపదు. వారంలోపు తాగేయాలి. కరెంటు గంటల తరబడి పోయిన రోజున, మళ్లీ వచ్చాక ముందు సీసాలు నొక్కి చూడండి, గట్టిపడి ఉంటే పైన చెప్పినట్టు సింకులో గ్యాస్ తీసేయండి. తోడు మాత్రం ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉంటుంది. వారానికోసారి చెంచా అల్లం, చెంచా పంచదార వేసి, మూత బిగించకుండా వదులుగా పెడితే చాలు.